రెండు గీతల పట్టిక

పదకొండింటికల్లా గాజుల పట్టికను వెబ్ పేజీలో పెట్టెయ్యాలి. కరీంనగర్ వ్యాపారి ప్రేమ్‌రాజ్ అది చూసి పెళ్లిళ్ల సీజనుకు సరుకు చెబుతాడు. ఆ పొద్దున ఉమ్మే హానీ పెట్టుకున్న పని అంతే. లాడ్ బజార్‌లోని ఆ దుకాణం ఆమె మేనమామ బాబూమియాది. ఈ ఆర్డరు పోతే కంప్యూటర్ మూసేసి, మళ్లీ లక్క గాజులకు రాళ్లు అతికించే పళ్లెం ముందు కూర్చోవాలని ఆయన ముందే చెప్పేశాడు.

రకం, సైజు, రంగు. ప్రతి గడికీ బార్డర్ పెట్టమని, పేజీ రూపం దిద్దే సీఎస్సెస్ కోడ్‌లో ఒక్క ముక్క రాసింది. ఏ గడి గీత దానికే వచ్చి, ఎక్కడ చూసినా జంట గీతలు పడ్డాయి. బాగానే ఉందిలే అనుకుని ప్రేమ్‌రాజ్‌తో పాటు కార్ఖానాకూ, పక్క దుకాణాలకూ లింకు పంపేసింది.

ఐదు నిమిషాలకు కార్ఖానా నుంచి, లక్క కరిగించే బట్టీ చూసే కొండల్ ఫోన్.

"భాయ్, మాలంతా అమ్ముడువోయింది గద! బట్టీ ఆర్పేసి ఇంటికి పోతున్న."

బాబూమియా తేరుకునేలోపే పక్క దుకాణాల వాళ్లు "ముబారక్ భాయ్, మిఠాయి ఏదీ?" అంటూ దిగబడ్డారు. వెనకే ప్రేమ్‌రాజ్ ఫోన్.

"బాబూభాయ్, నన్ను చూడమని చెప్పి అంతా వేరేటోళ్లకు అమ్ముకుంటివా?"

బాబూమియా తెర వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! గిదేంది బేటీ, అన్నిటికీ రెండు గీతలు కొట్టినవ్?"

ఆయన తండ్రి కాలం నుంచీ దుకాణం నమూనా పుస్తకంలో అమ్ముడైపోయిన రకం చుట్టూ రెండు గీతల గడి గీస్తారు. పాత బేరగాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లకే ఎవరూ చెప్పలేదు.

ఉమ్మే హానీ వెంటనే కోడ్ తెరిచింది. పక్కపక్క బార్డర్లను కలిపెయ్యమని ఇంకో లైను చేర్చింది. జంట గీతలు ఒక్కటయ్యాయి. గబగబా మామ చేతిలోని ఫోన్ అందుకుంది.

"ప్రేమ్‌రాజన్నా, పేజీ మళ్ల తెరువు. మాలంతా ఉన్నది. ఆ గీతలు నా తప్పు."

"అరె! ఇప్పుడమ్మిన మాలు ఇప్పుడే వాపస్ వచ్చిందా? గట్లైతే ఏదో ఖరాబున్నది. నాకొద్దు తల్లీ."

"కాదన్నా, అది సీఎస్సెస్..."

"ఎవడా సీఎస్సెస్? వాపస్ ఇచ్చింది గాడేనా?"

బాబూమియా ముఖం మాడిపోయింది. "చాలు బేటీ. చేసింది తీసెయ్. పోయి పళ్లెం తెచ్చుకో."

ఏడుపు ఆపుకుంటూ ఆమె ఆ లైను చెరిపేసింది. పట్టికలో మళ్లీ జంట గీతలు పడ్డాయి.

ఫోన్‌లో ప్రేమ్‌రాజ్ ఒక్క కేక పెట్టాడు. "ఆగాగు! మళ్ల రెండు గీతలా? గింతల్నే ఎవరికిచ్చినవ్ బాబూభాయ్? ముందుగాల చూసింది నేను! ఇదంతా నాకే. గింతకు డబుల్ చేయించు!"

కొండల్‌ను మళ్లీ బట్టీ వెలిగించమన్నాడు బాబూమియా. "ఇగ ఫికర్ చెయ్యకు బేటీ, నీ కంప్యూటర్ జోలికి ఎవ్వర్నీ రానియ్య" అని మేనకోడలి తల నిమిరాడు. ఆమె ప్రాణం కుదుటపడింది.

అంత సరుక్కి చేతులు చాలక, ఆ మధ్యాహ్నం నుంచి ఉమ్మే హానీ రాళ్ల పళ్లెం ముందే కూర్చుంది.