తేనెటీగలు తెలిసిన మనిషి

ఆ ఆదివారం పొద్దున హందోకో పెట్టుకున్న పని ఒక్కటే. ఈమధ్య తాను చదివి మురిసిపోయిన పుస్తకాలంటూ నాలుగింటి పేర్లు వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. కథలూ నవలలూ కావు, అన్నీ విజ్ఞానం. చివరింట్లో కొత్తగా దిగిన వుర్యాని పుస్తకాల కంపెనీలో పనిచేస్తుందట. భార్య పోయిన ఇన్నేళ్ళకు ఆయనకి మళ్ళీ తల దువ్వుకోవాలనిపించింది ఆవిడ వల్లే.

చదవడం మాటకొస్తే, ఇండోనేషియాలో వాళ్ళుండే యోగ్యకర్తా ఊళ్ళో కొత్త పుస్తకం ప్లాస్టిక్ కవరు చుట్టుకునే వస్తుంది. హందోకో దాన్ని చింపే రకం కాదు. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు పైనుంచే కనిపిస్తాయి, తన బుర్రకి అంతకన్నా పట్టదని ఆయనకి తెలుసు. తేనెటీగల పుస్తకం గురించి ఆ అట్ట మీది మాటే ఎత్తి రాశాడు: "తేనెటీగ మనసెరిగినవాడికి భయమన్నది ఉండదు."

కాసేపటికే సుగితో అనే వీధి పెద్ద వచ్చి వాలాడు. వెనక నిచ్చెనతో సగం వీధి.

"కాపలా గుడిసెకి తేనెపట్టు పట్టిందండీ. ఫైరింజన్ వాళ్ళు రేపొస్తామన్నారు. మీరుండగా వాళ్ళెందుకు!"

"చదవడం వేరు, పట్టు దింపడం వేరు కదా..." అని హందోకో నసిగాడు.

"పుస్తకం తెండి, చూసుకుంటూ చేద్దురుగాని," అంది గుంపులోంచి వుర్యాని.

ఆవిడ అడిగాక కాదంటాడా? తెచ్చాడు. ఎండలో కవరు తళతళలాడింది.

"ఇది... ఎవరికైనా ఇద్దామని కొన్న రెండోది."

"మరి మొదటిది?" అంది వుర్యాని.

"సుగితోగారు పట్టుకెళ్ళారు!"

పదిమందిలో ఒకరి పరువు తీయడం ఆ ఊళ్ళో మహాపాపం. సుగితో నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అవునవును, చదివేశాను కూడా. ఏం పుస్తకమండీ!" దాంతో నిచ్చెన ఇద్దరూ ఎక్కాల్సి వచ్చింది.

తేనెటీగలకి అలాంటి మొహమాటాలు లేవు.

మూతి బూరెలా పొంగిన హందోకోకి వుర్యాని మందు రాస్తూ అంది, "కంపెనీలో వెనక అట్టలు రాసేది నేనే. నా మాట అక్షరం పొల్లుపోకుండా పెట్టారు."

హందోకోకి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. "అయితే పొద్దున్నే తెలుసా? మరి నన్నెందుకు ఎక్కనిచ్చారు?"

"లోపలేముందో నేనూ చదవలేదు. మీరు కుట్టించుకోకుండా దిగొస్తే నేను రాసింది నిజమేననుకుందామని."

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని పుస్తకం విప్పారు. రెండో పేజీ దాటకముందే ఇద్దరికీ ఒకేసారి ఆవలింత వచ్చింది.

ఇంతకంటే మంచి జోడీ దొరకదని హందోకోకి అప్పుడే ఖాయమైంది.