చెరువులో యుద్ధనౌక

తిరుమలగిరి దాటాక వచ్చే మా ఊరి ఎండిన చెరువులో యుద్ధనౌక వెలసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నౌక కంటికి కనిపించదు. ఆకాశం నుంచి ఫొటోలు తీసే మన ప్రభుత్వ ఉపగ్రహంలోని రాడార్‌కే కనిపిస్తుంది. కళ్లను నమ్ముకున్నవారు దయచేసి తొందరపడవద్దు.

ఈ ఘనత దివాకర్ అనే ఇంజనీరుది. శత్రువును బురిడీ కొట్టించడానికి ఆయన ఒక పెట్టె తయారుచేసి, పరీక్ష కోసం చెరువు నడుమ పెట్టారు. రాడార్ పంపిన తరంగాన్ని అది పట్టుకొని, అంకెలుగా మార్చి, కాస్త ఆలస్యం చేసి, కాస్త వంకర తిప్పి వెనక్కి పంపుతుంది. రాడార్ నమ్మి నౌక బొమ్మ గీసుకుంటుంది.

ఆ బొమ్మ పొరపాటున కరువు సాయం చూసే ఆఫీసుకు కూడా వెళ్లింది. అక్కడి అధికారి విజేందర్ గారు తర్కంలో దిట్ట. ఓడ తేలుతోందంటే నీళ్లున్నట్టు. నీళ్లుంటే కరువు లేనట్టు. కరువు లేని ఊరికి తాగునీటి ట్యాంకరు దండగ. ఆ సాయంత్రమే ట్యాంకరు ఆపించారు.

ట్యాంకరు నడిపే పీర్ మహమ్మద్, మా ఊరి నర్సింగమ్మ కలిసి ఆఫీసుకు వెళ్లారు.

“గా చెరువుల మా పోరగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు సారూ,” అన్నాడు పీర్ మహమ్మద్.

“ఓడ గీడ నాకు తెల్వదు బిడ్డా. నా కోడలు బాలింత. ఇంట్ల చుక్క నీళ్లు లేవు. జర ట్యాంకరు తోలుండ్రి,” అంది నర్సింగమ్మ.

విజేందర్ గారు దివాకర్‌కు ఫోన్ చేసి సంగతి తెలుసుకున్నారు. తర్వాత లేచి నిలబడి ప్రసంగించారు.

“అమ్మా, ఆ ఓడ అబద్ధమే. కానీ అది రక్షణ రహస్యం! ఇప్పుడు ట్యాంకరు పంపితే చెరువు ఎండిందని శత్రువుకు తెలిసిపోదా? సరిహద్దుల్లో సైనికులు ప్రాణాలిస్తున్నారు. దేశం కోసం మీరు దాహం ఓర్చుకోలేరా?”

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. దేశభక్తి అలవాటు లేని నర్సింగమ్మ ఏడ్చింది.

మర్నాడు ఆడవాళ్లంతా ఖాళీ స్టీలు బిందెలు చెరువు కట్ట మీద వరుసగా పెట్టి కూర్చున్నారు. రాడార్ మళ్లీ ఫొటో తీసింది. లోహం కదా, బిందెలు మెరిసే చుక్కల్లా పడ్డాయి. అధికారులు బొమ్మను నిశితంగా పరిశీలించి, చుక్కలు నకిలీవని తుడిచేశారు. నౌకను ఉంచారు.

ఆ శుభ్రమైన బొమ్మ ఎలా బయటికొచ్చిందో గానీ మన జిల్లా వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. “మన జిల్లాకు ఓడొచ్చింది” అని మనం దాని కింద జెండాలు పెట్టాం, దండాలు పెట్టాం. పీర్ మహమ్మద్ అదే గ్రూపులో ఖాళీ బిందెల ఫొటో ఒకటి పెట్టాడు.

నకిలీ ఫొటోలు పంపుతున్నాడని అతన్ని గ్రూపులోంచి తీసేశాం.