పాతదైతే దాటెయ్యి

“ఉద్యోగం ఊడుతుందేమోనే! నా మనసు కీడు శంకిస్తోంది,” అంది తల్లి, కూతురు ఇంకా పక్కమీదినుంచి లేవకముందే.

ఆ ఇంట్లో తెల్లవారినట్టు తెలిసేది ఇలాంటి మాటతోనే. ఈసారి ఆవిడ భయానికి ఆధారం కూడా ఉండటం విశేషం. ఆఫీసులో అందరూ ఉత్తరాలు రాసుకునే ఎడిటర్ ప్రోగ్రాముకు కొత్త సెట్టింగుల ఫైలు రాసే బాధ్యత కూతురిది. ఇరవై తొమ్మిది కంప్యూటర్లు ఆ ఫైలును కళ్లకద్దుకున్నాయి. రికార్డుల గదిలోని ముప్పయ్యోదానిలో మాత్రం ఉన్నది పాత వెర్షన్. తెరవగానే నలభై తప్పులు ఏకరువు పెట్టింది. దాని నోరు మూయిస్తేనే ఉద్యోగం ఖాయమన్నాడు మేనేజరు.

కూతురు ఆ రోజే ఫైలు నెత్తిన ఒక్క ఆజ్ఞ చేర్చింది: వెర్షన్ పాతదైతే, తెలియని పనులు దాటెయ్యి, గొడవ చెయ్యకు.

మిషను నోరు మూసింది. మేనేజరు సభ పెట్టాడు.

“పాతవారిని నొప్పించకుండా వెంట తీసుకుపోవడమే మన సంస్థ సంస్కారం! వారికి తెలియనిది మనం అడగం. వారు మనకు చెప్పనూ అక్కర్లేదు!”

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది, ఆ పాత మిషను ముందు కూర్చునే ముసలి రికార్డుల గుమాస్తా. ఇకమీదట ఏ సమావేశానికీ తనకు పిలుపు ఉండదని ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

ఇంత గొప్ప సిద్ధాంతం ఇంటిదాకా రాకుండా ఉంటుందా? ఏడో తరగతితో చదువాపిన తల్లి “గ్యాసు కట్టేశారా? గొడుగుందా? ఆ లిఫ్టు తెగితేనో?” అన్నప్పుడల్లా తండ్రీకూతుళ్లు మర్యాదగా నవ్వి దాటెయ్యసాగారు.

“ఒకదానికి బదులిచ్చామా, పది పుట్టుకొస్తాయమ్మాయ్,” అని తండ్రి తన వంతు సాంకేతిక సలహా ఇచ్చాడు.

ఇల్లు ప్రశాంతం. రికార్డుల గదీ ప్రశాంతం. రాసినదాన్ని దానంతటదే భద్రపరచడం కొత్త సెట్టింగు గనుక, పాత మిషను ఆ పనీ దాటేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గొడవ చెయ్యవద్దన్నారు కదా!

అలా ఆవిరైన కాగితాల్లో కూతురి ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కూడా ఉంది. వారం తిరక్కుండా, పొద్దున ఎనిమిదిన్నరకు మేనేజరు ఫోను: “నీ ఉద్యోగం ఫైలు మాయమైంది, మళ్లీ మొదట్నుంచీ రాయాలి. పదింటికల్లా డిగ్రీ సర్టిఫికెట్ తెచ్చావా సరే, లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాం.”

ఆ పొద్దున తల్లి “ఒసేయ్, నీ సంచిలో...” అని మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ నియమం ప్రకారం దాటేశారు.

బీరువా ఖాళీ అయింది. తండ్రి పరుపు ఎత్తాడు.

“సర్టిఫికెట్ పరుపు కిందెందుకుంటుంది నాన్నా?”

“ఉండాల్సిన చోట లేదుగా! లేనిచోటే వెతకాలి మరి!”

చివరికి కూతురు వంటింటి గుమ్మంలో నిలబడింది. “అమ్మా, నా సర్టిఫికెట్ చూశావా?”

ఆ వారంలో ఆవిణ్ణి ఒకరు ఏదైనా అడగడం అదే మొదలు. తల్లి చిక్కుడుకాయ ఈనె తీసింది.

“అమ్మా, ఉద్యోగం పోతుందే!”

ఇంకో కాయ. తండ్రి కూడా వచ్చి నిలబడ్డాడు. మరో కాయ. గోడ గడియారం తొమ్మిది కొట్టింది, తొమ్మిది దెబ్బలూ వినిపించాయి.

“నీ సంచి వెనక అరలో ఉంది, మూడు నకళ్లతో సహా,” అంది తల్లి తలెత్తకుండానే. “పొద్దుట్నుంచీ మూడుసార్లు చెప్పబోయా. గొడవెందుకని నాలుగోసారి ఊరుకున్నా.”