చెంగల్రాయుడి ఏనుగు

ఆ సోమవారం పొద్దున వనజాక్షి అనుకున్నది చాలా చిన్న పని. ఇడ్లీలు తినేసి, వంటిల్లు కడిగి, తిరుపతిలో వచ్చే నెల జరిగే కుట్టుపని పోటీకి క్రాస్ స్టిచ్ ఏనుగును మొదలుపెట్టడం. ఏటా ఆమెకు రెండో బహుమతే వస్తోంది. ఈసారి మొదటిది కొట్టి తీరాలని పట్టు పట్టింది. తీరా వంటిల్లు కడుగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"పుత్తూరులో కట్టు కట్టించుకోని, ఆడ్నే మీ చెల్లెలింట్లో ఉండు. ఏనుగు సంగతి నేను సూసుకుంటా" అన్నాడు భర్త చెంగల్రాయుడు.

"ఎప్పుడన్నా సూది పట్టినావా నువ్వు?"

"నగరిలో ఇంత కాలం మగ్గాలు నడిపినోడికి లెక్క నేర్పిస్తావా?"

కాగితం మీద గళ్లలో బొమ్మ ఉంటుంది. దాన్ని చూసుకుంటూ గళ్ల బట్ట మీద గడికొక ఇంటూ గుర్తు కుట్టుకుంటూ పోవాలి. బట్టకు నట్టనడుమ మొదలుపెట్టమని వనజాక్షి బస్సెక్కుతూ కూడా చెప్పింది. చెంగల్రాయుడికి నవ్వొచ్చింది. నడుమ నుంచి నేసే మగ్గం ఎక్కడన్నా ఉందా? బట్ట అన్నాక అంచు నుంచి రావాలి. అందుకని కింది అంచున, ఎడమ మూలన, ఏనుగు కాలిగోళ్లతో మొదలుపెట్టాడు. గళ్లు మరీ సన్నగా ఉండి కళ్లకు ఆనలేదు. నాలుగు గళ్లను ఒకటిగా లెక్కేసి, ఇంత తేలిక ఉపాయం ఆ కంపెనీవాళ్లకు తట్టనందుకు జాలిపడ్డాడు.

వారానికి వనజాక్షి ఫోన్ చేసింది. "ఎంత దూరం వచ్చినాది?"

"కాళ్లు కుడతా ఉండా."

ఇంకో వారానికి మళ్లీ చేసింది. "ఇప్పుడో?"

"కాళ్లే."

"అదేమి ఏనుగయ్యా, జెర్రా? ఎన్ని కాళ్లు దానికి?"

"పెద్ద ఏనుగులే. నువ్వు ఊరుకో."

ఈలోగా బూడిదరంగు దారం అయిపోయింది. మగ్గాల షెడ్డులో మిగిలిన నూలు తెచ్చి కలిపాడు. ఒక కండె లేత, ఒక కండె ముదురు. కాళ్ల చుట్టూ అడ్డచారలు పడ్డాయి. మూడు కాళ్లు పూర్తయి, పైన పొట్ట మొదలవుతుండగా బట్ట అయిపోయింది. నాలుగో కాలికి చోటే లేదు. తల, తొండం సంగతి చెప్పనక్కర్లేదు. చెంగల్రాయుడు ఏమాత్రం బెదరలేదు. బట్ట చిన్నదిచ్చి మోసం చేశారని కంపెనీని తిట్టి, ఫ్రేము కట్టించి, తిరుపతి బస్సెక్కాడు.

పోటీ నడిపే సుబ్బులమ్మ ఫ్రేమును అందుకుని తల వెనక్కి పెట్టి చూసింది. "కార్వేటినగరం కోట స్తంభాలు! పైన దూలం, కింద తెల్లరాతి పీటలు! ఎంత బాగా కుట్టినాదన్నా వనజాక్షి!" అంటూ బొమ్మకు 'కోట స్తంభాలు' అనే పేరు అట్టముక్క మీద రాసి గోడకు తగిలించేసింది. చెంగల్రాయుడు నోరు తెరిచేలోగా ఇంకో ఫ్రేము దగ్గరికి వెళ్లిపోయింది.

పుత్తూరు నుంచి చేతికి కట్టుతో నేరుగా వచ్చిన వనజాక్షి, గోడ ముందు నిలబడి ఏనుగును చాలాసేపు వెతికింది. ఏమన్నా అందామనుకునేలోపే మైకులో ఆమె పేరు పిలిచారు. స్తంభాలకే మొదటి బహుమతి.

"ఈ కోట స్తంభాలు కుట్టాలని ఎందుకనిపించిందమ్మా?" అని అడిగాడు న్యాయనిర్ణేత.

ముందు వరసలో చెంగల్రాయుడికి ఏడుపొక్కటే తక్కువ. వేళ్లు పొడుచుకుని, మెడ పట్టేసి, నెలంతా కుట్టిన ఏనుగు అది. కానీ వనజాక్షి ఇంతకాలం ఎదురుచూసిన కప్పు బల్ల మీద మెరుస్తోంది. స్తంభాలేనని చెప్పెయ్యమని ఆమెకు సైగ చేశాడు.

వనజాక్షి మైకు అందుకుంది. "స్తంభాలు గాదండీ, ఏనుగు. నేను గాదు, మా ఆయన కుట్టినాడు."

వెనక నుంచి ఎవరో "అవునబ్బా, అవి గోళ్లు!" అని అరిచారు. నవ్వులు, చప్పట్లు, ఈలలు. ఎవరి పని వాళ్లే కుట్టాలన్నది పోటీ షరతు కాబట్టి కప్పు సుబ్బులమ్మ చెల్లెలు కుట్టిన చిలకకు పోయింది. ఫోటోలకు మాత్రం జనం ఏనుగు దగ్గరే ఎగబడ్డారు. ప్రతి ఫోటోలోనూ చెంగల్రాయుడు ఉన్నాడు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాడు. "స్తంభాలని చెప్పుంటే కప్పు నీదే గదే. నేను సైగ గూడా చేస్తిని."

"సూసినాలే. అట్ల చెప్పుంటే, అది ఏనుగని నువ్వు బతికినన్నాళ్లూ నాకు చెప్తానే ఉంటావు. ఆ బాధ ఎవురు పడతారు?"

ఆమె మాట నిజమేనని ఒప్పుకున్న చెంగల్రాయుడు, ఏనుగును ఎలా కుట్టాడో మొదటి గోటి దగ్గర మొదలుపెట్టి, నగరి బస్టాండు వచ్చేదాకా చెప్పాడు.