తాయ్‌చీ గురువుగారికి ఘన వీడ్కోలు

తగిన గురువు దొరికేవరకు ఒడిశా జయపురంలోని తెలుగు వృద్ధులెవరూ కింద పడరాదని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్మానానికి కారణం నేనే. ఒకసారి పెరట్లో, మరొకసారి ఉత్త వాకిట్లో, ఏ అడ్డూ లేనిచోట పడ్డాను. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుందని, విరిగితే మంచమే గతి అని డాక్టరు చెప్పాడు. మందులేమీ రాయలేదు. తాయ్‌చీ అనే చైనావారి విద్య నేర్చుకోమన్నాడు. అది లోపలి బలంతో చేసే యుద్ధవిద్యట. నెమ్మదిగా కదలాలి, ఎవరినీ కొట్టనక్కర్లేదు, నేర్చినవాళ్ళు తూలిపడరు. అయితే మంచి గురువు దగ్గరే నేర్చుకోవాలన్నాడు.

ఈ సంగతి విని మా అధ్యక్షులు వరాహనరసింహం గారు నవ్వారు. ఆయన తాతగారు సంస్థానం కచేరీలో పెద్ద ఉద్యోగి. ముఖాన నవ్వు చెరగకుండా, చెయ్యెత్తకుండా, లోపల్లోపలే పక్కవాణ్ణి పడగొట్టే విద్యలో మా కచేరీ కుటుంబాలు తరతరాలుగా ఆరితేరాయని, దానికి చైనా దాకా పోనక్కర్లేదని ఆయన అభిప్రాయం. పడగొట్టేవాళ్ళకు కొరత లేదు, నిలబెట్టేవాళ్ళు కావాలని నేను మనవి చేస్తే ఉపసంఘం వేశారు.

మొదట రాయగడ నుంచి తాతారావు గారు వచ్చారు. పెంకులు పగలగొట్టడంలో దిట్ట. మా సంఘ భవనానికి ఉన్నవి పెంకులే కనుక, ప్రదర్శన అయ్యాక ఒక మూల ఆకాశం కనిపించింది. ఉపసంఘం చప్పట్లు కొట్టి, విద్య మరీ బయటికి కనిపిస్తోందన్న కారణంతో తిరస్కరించింది. తర్వాత గుడారి నుంచి మహేశ్వరరావు గారు. ఫోనులో చూసి నేర్చుకున్నారు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసి, పకోడీలు వచ్చేదాకా తెరవలేదు. శక్తి అంతా లోపలే ఉందన్నారు. ఉపసంఘం పరవశించింది. ఇంతటి మహనీయుణ్ణి కదిలించడం పాపమని నమస్కరించి బస్సెక్కించింది.

ఆ తర్వాత ధనుంజయ్. గుణుపురం రైతుల బిడ్డ, రాయగడలో బ్యాంకు ఉద్యోగం. కలకత్తాలో పనిచేసినన్నాళ్ళూ ఒక చైనా ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. ఆ మాటయినా మేము అడిగితేనే చెప్పాడు. ఆదివారం బండిలో వచ్చి, ఏమీ పగలగొట్టకుండా, నన్ను నిలబడమని భుజం మీద వేలు ఆనించాడు. తూలాను.

"మామ్మగోరూ, మీరు నేల మీద నిలబడతన్నారేటి? బండెక్కినోల్లకి సెయ్యూపతన్నట్టు ముందుకి ఒరిగిపోతన్నారు. ఎవులూ ఎల్లిపోటం నేదు. మడమలు నేలకి ఆన్చండి."

ఆనించాను. నిలిచాను. ఆ రోజు గోడ పట్టుకోకుండా ఇల్లు చేరాను. నేను ఈ ఊళ్ళో ఎందరిని బండెక్కించానో అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

గురువు దొరికాడు. మంచి గురువేనా అన్న ప్రశ్న మిగిలింది. మాది బదిలీల ఊరు. వచ్చిన అధికారి మంచివాడో కాదో బదిలీ ఉత్తర్వు అందేవరకు ఎవరికీ తెలియదు. ఆయన కరుణాసముద్రుడని వీడ్కోలు సభలోనే బయటపడుతుంది. వీడ్కోలు జరగనివాణ్ణి మంచివాడనడానికి మా సంఘం దగ్గర వేరే పద్ధతి లేదు. కనుక ధనుంజయ్ మంచితనాన్ని ధ్రువపరచడానికి వీడ్కోలు సభ పెట్టారు.

"నానెక్కడికీ ఎల్టం నేదండి," అన్నాడతను వేదిక మీద.

"చూశారా ఆ వినయం," అన్నారు వరాహనరసింహం గారు మైకులో. "వారు లేని లోటు తీరనిది. ఇటువంటి గురువు ఈ కొరాపుట్ సీమలో మళ్ళీ దొరకడు. దొరికినా మనం ఒప్పుకోం."

శాలువా కప్పారు. వీడ్కోలు పత్రం చదవడం ఎప్పుడూ నా పనే. బాగా చదువుతానని పేరు. 'మీరు వెళ్ళిపోతున్నా' అన్నచోట అలవాటుగా ఏడ్చాను. సభంతా కళ్ళు తుడుచుకుంది. ధనుంజయ్ మాత్రం నా మడమల వంక చూస్తూ కూర్చున్నాడు.

తరువాతి ఆదివారం అతను మామూలుగా పాఠానికి వచ్చాడు. సంఘం నిర్ఘాంతపోయింది. శాలువా పుచ్చుకున్న మనిషి తిరిగి రావడం ఎక్కడి మర్యాద? తలుపు తాళం తియ్యలేదు. వరండాలోనైనా నేర్పుతానన్నాడు. నేను చెప్పులు విడుస్తుంటే అధ్యక్షులవారు నన్ను పక్కకు పిలిచారు.

"విశాలాక్షమ్మగారూ, మీరిప్పుడు పాఠం చెప్పించుకుంటే, మొన్నటి మీ ఏడుపు అబద్ధమని ఊరంతా అనుకోదూ?"

చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాను. ఈసారి లోపం జరగకూడదని సంఘమంతా పూలదండలతో అతన్ని స్టేషను దాకా సాగనంపింది.

బండి కదిలింది. "మడమలు, మామ్మగోరూ, మడమలు," అని కిటికీలోంచి అతను చెబుతూనే ఉన్నాడు. బండెక్కిన మనిషికి చెయ్యి ఊపకపోతే బాగుండదు. ఊపాను.

తుంటి విరిగింది. రేపు నన్ను ఆపరేషనుకు విశాఖపట్నం తీసుకుపోతున్నారు. తీర్మానాన్ని ఉల్లంఘించినందుకు సంఘం నన్ను క్షమించింది. నేనెంత మంచిదాన్నో అధ్యక్షులవారికి ఈ ఉదయమే తెలిసిందట. సాయంత్రం వీడ్కోలు సభ. పత్రం నాలా చదివేవాళ్ళు లేరని, మంచం మీంచి నన్నే చదవమన్నారు. 'మీరు వెళ్ళిపోతున్నా' అన్నచోట ఎవరి వంక చూడాలో తోచడం లేదు.

మీరూ దయచేయండి. నా గురించి మంచిమాట ఏదైనా మీ దగ్గరుంటే, ఇన్నాళ్ళూ దాచినట్టే సాయంత్రం దాకా దాచి ఉంచండి.