జంపయ్యకు పట్టా వచ్చింది

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఎక్కడైనా జారిపడితే మీరే ఎత్తి పెట్టుకుని చదువుకోండి. చేయి కూడా నెమ్మదే. జంపయ్య కొట్టం కప్పడానికి ఒక పగలు పడితే, దాన్ని రాయడానికి నాకు నెల పట్టింది.

ఆ ఏడు మా ఊరికి చలి ముందే దిగింది. జంపయ్య మేకల కొట్టం మీద గడ్డి కుళ్లిపోయి, పడుకున్న మేకలకు ఆకాశం కనిపిస్తోంది. కిందటి చలికి రెండు పిల్లలు బిగుసుకుపోయి చచ్చాయి. ఇప్పుడు మళ్లీ రెండు మేకలు నేడో రేపో ఈనేలా ఉన్నాయి. అందుకే జంపయ్య ముందురోజు పాల్వంచ వెళ్లి ఒక నీలం పట్టా కొనుక్కొచ్చాడు. టార్పాలిన్‌ను మా వైపు పట్టా అనే అంటాం.

పొద్దున్నే పాత గడ్డంతా పీకి కింద పారేశాడు.

"పొద్దు గూకేలోపు పట్టా ఎక్కాలె," అంది భార్య ముత్తక్క. "లేకుంటే మేకలు నీ మంచంల పంటయి, నువ్వు కొట్టంల పంటవ్."

నిచ్చెన వేస్తుండగా పగిడయ్య వేపపుల్ల నములుతూ వచ్చాడు. ఊళ్లో ఎవరికి ఏ ఆఫీసు పని కావాలన్నా తన వల్లే అవుతుందని చెప్పుకునే మనిషి. పోడు భూములకు సర్కారు పట్టాలిస్తుందని అప్పుడు ఊరంతా కాచుకుని ఉంది. పగిడయ్య చెప్పులు అరిగింది ఆ తిరుగుడులోనే.

"ఏంది జంపన్నా, పొద్దుగాల్నే హడావిడి?"

"నిన్న పాల్వంచల పట్టా దొరికింది తమ్మీ."

వేపపుల్ల ఆగిపోయింది. "పట్టానా? నీకా? ఎవరిచ్చిండ్రు?"

"బస్టాండు కాడ లావుపాటి సారు. ముందు కుదరదన్నడు. బతిమాలిన. ఆఖరికి చాయ్ తాగించి మరీ ఇచ్చిండు."

"నీకు చాయ్ తాగించిండా!" పగిడయ్య ఇన్నేళ్లూ ఆఫీసుల్లో చాయ్‌లు తాగించిన మనిషే తప్ప తాగిన మనిషి కాదు. "ముద్ర ఉన్నదా?"

"ఉన్నది. సింహం బొమ్మ."

"ఎన్ని సింహాలు?"

"ఒకటే."

"మిగిలినయి ఎనక ఉంటయిలే," అని పగిడయ్య తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "కాగితం గట్టిదేనా?"

"కాగితమేంది? ప్లాస్టిక్. వానకు తడవదు, చెద పట్టదు. కొట్టానికి పోను ఇంకా మిగులుతది. కావాలంటే నీకో ముక్క ఇస్త."

"వేరేటోళ్లకు ఇయ్యొచ్చా?"

"నాదాయె. నా ఇష్టం."

పగిడయ్య పుల్ల పారేసి చాయ్ కొట్టుకు పరుగెత్తాడు. అక్కడ ఊపిరి పీల్చుకుని, "జంపన్నకు పట్టా ఇప్పిచ్చిన. వేరేటోళ్లకు గూడ ఇస్తడట," అని చెప్పాడు. అది భూమి పట్టానే అని నమ్మడానికి ఊరికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఎండ ఎక్కేసరికి జంపయ్య వాకిలి నిండిపోయింది. నిచ్చెన మీదున్న మనిషిని దింపి మంచం మీద కూర్చోబెట్టారు. రామక్క కోడిని చంకలో పెట్టుకుని వచ్చింది.

"అన్నా, నాకు గూడ కొంచెం చూడు. వాగు పక్కది నాది."

రామక్క కోళ్లగూడు వాగు పక్కనే ఉందని జంపయ్యకు తెలుసు. "దానికి కోడెందుకే? ఊకెనే ఇస్త, తీస్కపో."

జనం ఒక్కసారిగా చేతులెత్తి దండం పెట్టారు. ప్లాస్టిక్ గుడ్డకు ఇంత మర్యాదేమిటని జంపయ్యకు గాబరా పుట్టింది. "నన్ను ఇడవండిరా, కొట్టం కప్పాలె," అంటే, "కొట్టం ఏడికి పోతది, కూసో," అన్నారు.

"పట్టా ఏడున్నది?" అని ఎవరో అడిగారు.

"మేకలు నములుతయని నేనే దాని మీద కూసున్న," అంది లోపల్నుంచి ముత్తక్క.

"మంచి పని చేసినవ్ వదినా! లేవకు!"

పక్క గూడేనికి భూములు కొలవడానికి వచ్చిన సర్వేయరు చెవిన కూడా ఈ మాట పడింది. గొలుసు భుజానేసుకుని, మోటారు సైకిలు మీద వచ్చి దిగాడు.

"నేను కొలవకుండ పట్టా ఇచ్చినోడు ఎవడయ్యా? ఏది, చూపియ్యి!"

"చూపిస్త సారూ. చూసినంక జల్దీ కొట్టం మీద ఏసుకోనియ్యిరి."

"పట్టాను కొట్టం మీద ఏస్తవా? పిచ్చోడా, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవాలె!"

"అంత గోడ నాకేడిది సారూ?"

ముత్తక్క లేచి, కట్ట తెచ్చి వాకిట్లోకి ఒక్క తన్ను తన్నింది. నీలం పట్టా దొర్లుకుంటూ, విప్పుకుంటూ, పోయి పోయి సర్వేయరు బూట్ల దగ్గర ఆగింది. ఒక మేక దాని మీద నాలుగడుగులు నడిచి, తన వంతు ముద్ర కూడా వేసింది.

అందరూ జనంలో నిలబడ్డ పగిడయ్య వైపు తిరిగారు.

"నువ్వే ఇప్పిచ్చినవంటివి గదా?" అంది రామక్క.

తెలియదని ఒప్పుకునే అలవాటు పగిడయ్యకు లేదు. "అవ్... ఇదే ఇప్పిచ్చిన."

"అట్లనా? అయితే మాకూ ఇప్పియ్యి. ఆ పట్టా వచ్చినప్పుడు వస్తది, చలి మాత్రం ఇయ్యాలనే వస్తది. ముందుగాల దీన్ని ఎక్కియ్యి, ఎట్ల కడతరో చూస్తం."

పగిడయ్యను నిచ్చెన ఎక్కించారు. కొందరు వాసాలు సరిచేశారు, కొందరు తాళ్లు లాగారు. ఒక్కడే ఎట్లా కప్పుకోవాలా అని తెల్లవారుజామున దిగులుపడ్డ జంపయ్య మంచం మీద నుంచి లేవనే లేదు. ఎవరూ లేవనివ్వలేదు. పొద్దు గూకకముందే కొట్టానికి నీలం కప్పు పడింది. దాని కింద ఒక మేక అప్పటికే ఈని, పిల్లను నాకుతోంది. మర్నాటి మొదటి బస్సుకు పగిడయ్య సంచి పట్టుకుని పాల్వంచ బయల్దేరాడు, వెంట రామక్కను కాపలా పంపారు.

సర్వేయరు మాత్రం అంత దూరం వచ్చి ఊరికే పోవడం ఇష్టం లేక, పైకి ఎక్కించేముందే గొలుసు పరిచి పట్టాను నాలుగు వైపులా కొలిచాడు. ఆ ఏడు మా ఊళ్లో సర్వే పూర్తయిన పట్టా అదొక్కటే.

తాటి వెంకమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది ఖానాపురం హవేలిలో, చిన్న కూతురి ఇంట్లో.