గీత దాటిన మూడో కెమెరా

ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా బయల్దేరి, ఎనిమిదింటికి కెమెరాలు నిలబెట్టేసి, పదింటికి మ్యాచ్ మొదలయ్యేదాకా కాస్త ఊపిరి పీల్చుకోవాలని వంటలాయన పథకం వేసుకున్నాడు. వంటలాయన అంటే వంటవాడు కాదు. ఒక చిన్న టీవీ ఛానల్లో తొమ్మిదేళ్ళుగా వంటల కార్యక్రమం తీసిన డైరెక్టరు. తొమ్మిదేళ్ళూ కెమెరాను గిన్నె మీదికి వంచి, ఉల్లిపాయ రంగు మారేదాకా ఓపిగ్గా చూపించినవాడు. కిందటి వారం ఆ కార్యక్రమాన్ని ఎత్తేశారు. సరిగ్గా అదే వారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లు తీసే డైరెక్టరు బాత్‌రూమ్‌లో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

మేనేజరు వంటలాయనను పిలిచి, "ఈ మ్యాచ్ నువ్వు తియ్యి. బాగా వస్తే ఆటల విభాగంలో ఉంటావు. రాకపోతే, ఏమనుకోకు, నీకివ్వడానికి నా దగ్గర పని లేదు" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆయనకు అన్నం సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు.

ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. మోకాళ్ళకు వైద్యం చేయించుకోడానికొచ్చి రెండు నెలలుగా టీవీ ఎదుట కుర్చీలో స్థిరపడిన మామగారు. నలభై ఏళ్ళుగా ఫుట్‌బాల్ చూస్తున్న మనిషి. ఏ కెమెరా ఎక్కడుండాలో ఆయనకు తెలిసినంతగా ఆ కెమెరాలు తయారుచేసినవాళ్ళకు కూడా తెలియదని ఆయన నమ్మకం.

"మెయిన్ కెమెరా ఎత్తులో, నడిమి గీతకు ఎదురుగా ఉండాలి, అల్లుడుగారూ. అక్కణ్ణుంచి చూస్తేనే ఎవడు ఎవడికి అందిస్తున్నాడో తెలుస్తుంది. మీరు అలవాటు కొద్దీ దగ్గరికెళ్ళి మోకాళ్ళు చూపించకండి. మోకాళ్ళు నావే చాలు" అన్నాడు మామగారు. కాఫీ గ్లాసులు రెండు బల్లకు చెరో చివర పెట్టాడు. "ఇవి రెండు గోల్‌పోస్టులు. ఈ గ్లాసు నాకు కుడి పక్క. ఎదురుగా కూర్చున్న మీకు?"

"ఎడమ పక్క, మామయ్యగారూ."

"అదీ సంగతి. ఈ గ్లాసు నుంచి ఆ గ్లాసుకు ఒక గీత ఉందనుకోండి. కెమెరాలన్నీ ఆ గీతకు ఒకే వైపుండాలి. ఒక్కటి అవతలికి పెట్టారా, కుడికి పరుగెత్తేవాడు ఎడమకు పరుగెత్తుతున్నట్టుంటుంది. చూసేవాడి తల తిరిగిపోతుంది."

"సరే, మామయ్యగారూ" అని వంటలాయన చెప్పులేసుకున్నాడు. ఆయన బుద్ధిమంతుడే. చెప్పింది చెప్పినట్టు మూడు కెమెరాలూ ఒకే వైపు పెట్టించాడు. ఒకటి గ్యాలరీ పైన నడిమి గీతకు ఎదురుగా, రెండోది ఎడమ గోలు దగ్గర, మూడోది కుడి గోలు దగ్గర. తొమ్మిదీ నలభైకి మేనేజరు ఫోన్ చేసేదాకా అంతా సవ్యంగానే ఉంది.

"చైర్మన్‌గారొస్తున్నారయ్యా. ఎక్కడ కూర్చోబెడుతున్నారు?"

"మెయిన్ కెమెరా కిందే సార్, ముందు వరసల్లో."

"కనపడతారుగా?"

"కెమెరాలన్నీ ఆయన నెత్తి మీదుగా మైదానం వైపు చూస్తుంటాయి సార్."

"అంటే, సొంత ఛానల్లో, సొంత ఫ్యాక్టరీ జట్టు ఆడుతుంటే, ఆయనొక్కడే కనపడడన్నమాట. ఏం చేస్తావో నాకు తెలీదు" అని మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

వంటలాయన మామగారి మాట వినాలా, మేనేజరు మాట వినాలా? జీతం ఇచ్చేది మామగారు కాదు కాబట్టి మూడో కెమెరాను మోయించి మైదానానికి అవతలి వైపు పెట్టించాడు. "చైర్మన్‌గారి కోసమే ఇది. ఆట జోలికి పోవద్దు" అని ఆ కెమెరామన్‌కు గట్టిగా చెప్పాడు. చెప్పాక ఆయనకే నమ్మకం కుదరలేదు.

చైర్మన్‌గారి జట్టుకు నీలం చొక్కాలు, అవతలి జట్టుకు ఎర్ర చొక్కాలు. మొదటి ఇరవై నిమిషాలూ నీలం జట్టు బుద్ధిగా కుడి వైపు గోలు మీదికే వెళ్ళింది. మైదానం బయట ఆగిన ఛానల్ వ్యానులో తెరల ముందు వంటలాయన చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పక్కనే వ్యాఖ్యాత. మైదానంలో దుమ్ముకు తుమ్ములొస్తాయని ఆయన వ్యానులోంచే, ప్రసారమయ్యే తెర చూసి వ్యాఖ్యానం చెబుతాడు. ఇవతల స్కోరు కొట్టే అమ్మాయి. ఆమె ఇక్కడ ఏది కొడితే మైదానంలో పెద్ద బోర్డు మీద అదే పడుతుంది.

ఇరవై ఒకటో నిమిషంలో చైర్మన్‌గారు వచ్చారు. ఆయన్ను చూడగానే గ్యాలరీలో సగం మంది లేచి నిలబడ్డారు. మెయిన్ కెమెరా నిండా వీపులు. సరిగ్గా అప్పుడే నీలం జట్టు బంతితో కుడి గోలు మీదికి దూసుకుపోతోంది. రెండో కెమెరా ఎక్కడో ఎడమ చివర ఉంది. ఆట జోలికి పోవద్దన్నా వినకుండా మూడో కెమెరా అతను బంతి వెంటే పోతున్నాడు. వేరే దారి లేక వంటలాయన ఆ కెమెరాకు మార్చాడు.

తెర మీద నీలం చొక్కాలన్నీ ఒక్కసారిగా ఎడమకు పరుగెత్తాయి.

"ఇదేమిటి, మనవాళ్ళు వెనక్కి తిరిగారు" అన్నాడు వ్యాఖ్యాత. "తమ గోలు మీదికే పోతున్నారు. ఎవరైనా ఆపండి. అయ్యయ్యో, కొట్టేశారు. సెల్ఫ్ గోల్." స్కోరు అమ్మాయి నిట్టూర్చి ఎరుపు జట్టుకు ఒకటి వేసింది. బయట పెద్ద బోర్డు మీదా పడింది. నీలం జట్టు ఎగరడం ఆపి బోర్డుకేసి చూసింది. ఎరుపు జట్టు ఏడవడం ఆపి బోర్డుకేసి చూసింది. రెఫరీ తన పుస్తకంకేసి చూసుకున్నాడు.

వంటలాయన ఫోన్ మోగింది. మామగారు. "గీత దాటారు, అల్లుడుగారూ" అని ఆ ఒక్క ముక్కే చెప్పి పెట్టేశాడు.

"స్కోరు మార్చమ్మా, గోలు నీలానిది" అన్నాడు వంటలాయన. ఆ కంగారులో అమ్మాయి నీలానికి ఒకటి కలిపింది గానీ ఎరుపుది తీయలేదు. ఒకటి–ఒకటి. ఇప్పుడు రెండు జట్లూ రెఫరీ మీద పడ్డాయి. అతను నానా తంటాలు పడి వ్యానుకు మనిషిని పంపాడు. వచ్చినవాడు అమ్మాయి పక్కన నిలబడి ఎరుపుది తీయించి మరీ వెళ్ళాడు.

ఆ తర్వాత వంటలాయనకు ఏ మీట చూసినా భయమే. విరామం తర్వాత జట్లు వైపులు మారేసరికి ఉన్న కాస్త మతీ పోయింది. నీలం ఎడమకు పోతుంటే అది కెమెరా తప్పా, నిజంగానే ఎడమకా? ఆ భయంలో ఆయనకు ఒక్క దారి తోచింది. ఎడమా కుడీ లేనిది, ఎటూ పరుగెత్తనిది మైదానం మొత్తంలో ఒక్కటే ఉంది. అది చైర్మన్‌గారి ముఖం. అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన ఆ ముఖానికి మార్చేశాడు. చైర్మన్‌గారు అద్దాలు తుడుచుకున్నారు. బిస్కెట్ కొరికారు. గడ్డం గోక్కున్నారు.

"బంతి ఎక్కడుంది సార్?" అంది అమ్మాయి.

"తెలీదమ్మా" అన్నాడు వంటలాయన నిజాయితీగా.

చైర్మన్‌గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. అమ్మాయి వేలు ఎరుపు మీట మీదికి పోయింది. "ఆగు తల్లీ, చైర్మన్‌గారు ఊపిరి పీల్చుకున్నారు. బంతి బయటికి పోయింది" అన్నాడు వ్యాఖ్యాత. పది నిమిషాలాగి చైర్మన్‌గారు లేచి చప్పట్లు కొట్టారు. "గోల్. నీలం జట్టుది. సందేహం లేదు" అన్నాడు వ్యాఖ్యాత. అమ్మాయి వేసింది. ఈసారి రెఫరీ మనిషి రాలేదు. ఆ గోలు మాత్రం తెర మీదికి రాలేదు.

మ్యాచ్ ముగిసేసరికి ఫోన్‌లో మేనేజరు కాల్స్ పదకొండు, సందేశం ఒకటి. "రేపు పదింటికి చైర్మన్‌గారి గదికి రా." వంటలాయన ఇంటికెళ్తే మామగారు తల తిప్పలేదు. "బిస్కెట్ ఏ రకమో కూడా చెప్పగలను, అల్లుడుగారూ. గోలు మాత్రం చూడలేదు" అన్నాడు. భార్య అన్నం పెట్టింది. ఆ రాత్రి ఆయన రాజీనామా ఉత్తరం రెండుసార్లు తిరగరాశాడు.

మర్నాడు చైర్మన్‌గారి గదిలో పెద్ద తెర మీద మ్యాచ్ రికార్డు నడుస్తోంది. మేనేజరు గోడకు ఆనుకుని పాలిపోయి ఉన్నాడు. వంటలాయన జేబులో ఉత్తరం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నలభై ఒక్కసార్లు" అన్నారు చైర్మన్‌గారు. "నా ముఖం. నేనే లెక్కపెట్టాను."

"క్షమించండి సార్."

"దేనికయ్యా? పదేళ్ళుగా మా మ్యాచ్‌లు చూపిస్తున్నారు, మ్యాచ్ అంటే ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది. మా ఆవిడ రెండుసార్లు చూసింది. ఆటల విభాగం ఇక నీదే."

"నేను ముందే చెప్పాను సార్, ఇతను పనివాడని" అన్నాడు గోడ దగ్గర్నుంచి మేనేజరు.

వచ్చే ఆదివారం ఫైనల్‌కు ఆరు కెమెరాలు ఇస్తామన్నారు. ఆరూ గ్యాలరీకి ఎదురుగా, గీతకు అవతలే పెట్టమన్నారు. వంటలాయన ధైర్యం చేసి, చేతులు కట్టుకుని, బతిమాలి, వాటిలో ఒకదాన్ని బంతి కోసం అడిగి తెచ్చుకున్నాడు.